ఒక టికెట్, మూడు బ్యాలేలు: ఏ ట్రిపుల్ బిల్ ఎవరికి నచ్చుతుంది

లండన్‌లో ఉండే మనవాళ్లు బ్యాలే చూద్దామనుకుంటే ముందుగా స్వాన్ లేక్‌కో, నట్‌క్రాకర్‌కో టికెట్లు తీసుకుంటారు. ఆ తర్వాత ఎవరో ఒకరు "ఈసారి ట్రిపుల్ బిల్‌కి వెళ్దామా" అంటారు. అక్కడే టెన్షన్ మొదలవుతుంది. కథ ఉండదేమో, అర్థం కాదేమో, డబ్బులు దండగ అవుతాయేమో అని. ఈ భయంతోనే చాలామంది ఆగిపోతున్నారు, నాకు అది నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ వందేళ్లలో బ్యాలేలో వచ్చిన గొప్ప పనిలో ఎంతో భాగం ఈ పొట్టి బ్యాలేల్లోనే ఉంది. అందుకని నేను చూసిన రెండు ట్రిపుల్ బిల్‌లను పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి నచ్చుతుందో, ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో, ఇంటర్వెల్‌లో జనం ఏమనుకున్నారో రాస్తున్నాను. ఆ బిల్‌లు అయిపోయాయి, నిజమే. కానీ వాటిలోని బ్యాలేలు విడివిడిగా ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక కంపెనీ చేతిలో మళ్లీ మళ్లీ స్టేజి ఎక్కుతూనే ఉంటాయి. కాబట్టి ఎంచుకోవడానికి ఇది పనికొస్తుంది.

ట్రిపుల్ బిల్ అంటే అరగంట, నలభై నిమిషాల బ్యాలేలు మూడు, మధ్యలో ఇంటర్వెల్‌లు, అంతా కలిపి ఒక సాయంత్రం. మూడింటికీ కొరియోగ్రాఫర్లు వేరు, సంగీతం వేరు, ఒక్కోసారి డాన్సర్లు కూడా వేరు.

మొదటిది 2019 మేలో కోవెంట్ గార్డెన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌లో రాయల్ బ్యాలే చేసింది. క్రిస్టఫర్ వీల్డన్ చేసిన వితిన్ ద గోల్డెన్ అవర్, సిదీ లార్బీ షెర్కావీ కొత్తగా చేసిన మెడూసా, ఆఖర్న క్రిస్టల్ పైట్ చేసిన ఫ్లైట్ ప్యాటర్న్. దీన్ని సినిమా హాళ్లలో కూడా చూపించారు. రెండోది 2017 మార్చిలో సాడ్లర్స్ వెల్స్‌లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే చేసింది, అప్పట్లో దాని డైరెక్టర్ తమారా రోహో. విలియం ఫోర్సైత్ చేసిన ఇన్ ద మిడిల్ సమ్‌వాట్ ఎలివేటెడ్, హాన్స్ వాన్ మానెన్ చేసిన అడాజియో హామర్‌క్లావియర్, చివర పీనా బౌష్ చేసిన రైట్ ఆఫ్ స్ప్రింగ్. బౌష్ చేసిన ఆ పని ఒక బ్రిటిష్ కంపెనీ చేతికి రావడం అదే మొదటిసారి.

ముందే చెప్పేస్తాను, ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: చివర ఏం పెట్టారు? ఇంటికి వెళ్లే దారిలో మాట్లాడుకునేది చివరిదాని గురించే. మొదటిది నచ్చకపోతే క్షమించేస్తాం, మధ్యది మర్చిపోతాం. ఈ రెండు బిల్‌లూ చివర్లో ఒక గుంపు మొత్తం కదిలే పెద్ద పనిని పెట్టాయి, అందుకే రెండూ నిలబడ్డాయి. మీరు చూస్తున్న ప్రోగ్రాంలో ఆఖరి పేరు మిమ్మల్ని లాగకపోతే ఆ టికెట్ వదిలేయండి, మొదటి రెండు పేర్లు ఎంత పెద్దవైనా సరే.

కథ లేదని భయపడేవాళ్లకు

మనం భామాకలాపం చూసి పెరిగినవాళ్లం. సత్యభామ తెర మీదుగా జడ వేసి వచ్చిందంటే ఆమె ఎవరో, ఆమె పొగరేమిటో, ఎవరి కోసం ఎదురు చూస్తోందో అంతా తెలిసిపోతుంది. అందుకే నాట్యం అనగానే కథ కోసం వెతుకుతాం. కానీ అదే కూచిపూడి కచేరీలో చివర తిల్లానా వస్తే "ఇందులో కథేంటి?" అని ఒక్కరూ అడగరు. అడుగులు, తాళం, నడక మారడం, అందులోనే ఆనందం ఉందని మనకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఫోర్సైత్‌నీ, వీల్డన్‌నీ చూసేటప్పుడు ఆ కళ్లతోనే చూడండి. సగం భయం అక్కడే పోతుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆరు బ్యాలేల్లోనూ పేర్లున్న పాత్రలతో పూర్తి కథ చెప్పేది మెడూసా ఒక్కటే. కథ కావాలనుకునేవాళ్లు ఎక్కువగా నిరాశపడింది కూడా దాని దగ్గరే. కథ ఉన్నంత మాత్రాన సులువుగా లోపలికి వెళ్తుందని అనుకోవద్దు.

మెడూసా గ్రీకు పురాణం. ఆమె ఎథీనా దేవత గుడిలో పూజారిణి, ఆమె మీద సముద్ర దేవుడు పోసైడన్ అత్యాచారం చేస్తాడు, శిక్ష మాత్రం ఆమెకే పడుతుంది, జుట్టు పాములవుతుంది, చూసినవాళ్లు రాయిగా మారతారు. చివరికి పెర్సియస్ అనే వీరుడు ఆమె తల నరుకుతాడు. షెర్కావీ దీన్ని ఆమె వైపు నుంచి చెప్పాలనుకున్నాడు, అది చాలా మంచి ఆలోచన. సంగీతం పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ పాటలు, వాటి మధ్యలో ఓల్గా వోయ్‌చెహోవ్‌స్కా చేసిన ఎలక్ట్రానిక్ ధ్వనులు. మెడూసాగా నతాలియా ఓసిపోవా. ఆమె వెన్ను వంచే తీరు, నేల మీదికి జారి మళ్లీ లేచే తీరు చూడ్డానికే టికెట్ కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లెవరూ బాధపడలేదు. కానీ ఇంటర్వెల్‌లో నా చుట్టూ వినిపించిన మాట ఇంకోటి: "ఎవరు ఎవరో మధ్యలో తప్పిపోయింది." అరగంట పైచిలుకులో ప్రేమ, గుడి, అత్యాచారం, శాపం, యుద్ధం, చావు అన్నీ ఇరికించారు, ఏ ఒక్కదానికీ ఊపిరి తీసుకునే చోటు లేదు. గుడిలో జరిగే దారుణం అయితే మరీ త్వరగా దాటిపోయింది అనిపించింది నాకు. కథ ముందే చదువుకుని వెళ్తే చాలా మెరుగ్గా ఉంటుంది, ఇది తప్పక చేయండి. చిన్నపిల్లలతో మాత్రం దీనికి వద్దు.

షెర్కావీ గురించి మనకు దగ్గరైన సంగతి ఒకటి. వెంపటి చినసత్యం గారి శిష్యురాలు, కూచిపూడి నర్తకి శాంతల శివలింగప్పతో కలిసి ఆయన 2010లో ప్లే అనే జంట నాట్యం చేశాడు. ఆమె పీనా బౌష్‌తోనూ పనిచేసింది. అంటే ఈ రెండు బిల్‌లలోని ఇద్దరు కొరియోగ్రాఫర్ల దగ్గరికి మన కూచిపూడి అంతకుముందే వెళ్లి వచ్చింది. కూచిపూడి నేర్చుకున్నవాళ్లు, పిల్లలకు నేర్పిస్తున్నవాళ్లు ఈ ఆధునిక బ్యాలేలను పరాయివిగా చూడక్కర్లేదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

శుద్ధ నృత్యం కావాలంటే: మూడు దారులు

గోల్డెన్ అవర్, ఇన్ ద మిడిల్, అడాజియో హామర్‌క్లావియర్, ఈ మూడింట్లోనూ కథ లేదు. కానీ వీటి మధ్య తేడా చాలా ఉంది.

గోల్డెన్ అవర్ 2008లో శాన్ ఫ్రాన్సిస్కో బ్యాలే కోసం చేసింది. ఏడు జంటలు, ఎజియో బోస్సో తీగవాద్యాల సంగీతం, కొంత వివాల్డి, పొద్దు వాలే వేళ బంగారు వెలుతురు లాంటి లైటింగ్. నడుమ మూడు జంట నృత్యాలు ఉంటాయి, వాటిలో నెమ్మదిగా సాగేది చూస్తే హాల్లో దగ్గు కూడా వినపడలేదు. మొదటిసారి వెళ్లేవాళ్లకూ, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకూ, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్లకూ నేను చెప్పేది ఇదే. కళ్లకు హాయిగా ఉంటుంది, ఎక్కడా ఇబ్బంది పడరు. బాగా చూసిన రసికులు మాత్రం కొందరు "అందంగా ఉంది, అంతే" అని పెదవి విరిచారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, వారం తర్వాత నాకు అందులో ఒక్క జంటే గుర్తుంది. అయినా సాయంత్రాన్ని మొదలుపెట్టడానికి అంతకంటే మంచిది దొరకదు.

ఇన్ ద మిడిల్ అలా కాదు. 1987లో పారిస్ ఒపేరా బ్యాలేకి ప్రసిద్ధ డాన్సర్ నురేయెవ్ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు ఫోర్సైత్ చేత చేయించిన పని ఇది, మొదట చేసినవాళ్లలో పేరున్న బ్యాలే డాన్సర్ సిల్వీ గిలెమ్ ఉంది. స్టేజి ఖాళీ, పైన నడిమధ్యలో రెండు బంగారు చెర్రీ పళ్లు వేలాడుతుంటాయి, పేరు వచ్చింది వాటి నుంచే. తొమ్మిది మంది డాన్సర్లు ఏదో రిహార్సల్‌లో ఉన్నట్టు నిర్లక్ష్యంగా నడిచి వస్తారు, ఒక్కసారిగా కాలు చెవి దాకా లేస్తుంది, పాయింట్ షూ వేసుకుని మునివేళ్ల మీద నిలబడి తుంటిని పక్కకు తోసి ఇక పడిపోతారేమో అన్నంత వాలుతారు, పడరు. టామ్ విలెమ్స్ ఎలక్ట్రానిక్ సంగీతం మాత్రం చెవులు పగిలేలా ఉంటుంది. ముందు వరుసలో ఒక పెద్దావిడ మొదటి దెబ్బకే ఉలిక్కిపడింది, చివర్లో అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది కూడా ఆవిడే. క్లాసికల్ బ్యాలే కొంచెం చూసి ఉంటే దీని రుచి రెట్టింపు అవుతుంది, ఎందుకంటే ఫోర్సైత్ ఏ నియమాన్ని ఎక్కడ వంచాడో కనిపిస్తుంది. ఏమీ చూడకుండా వెళ్లినా ఆ వేగానికే లొంగిపోతారు. నాట్యం నేర్చుకుంటున్న టీనేజి పిల్లలకైతే నేను ఇంకో మాట లేకుండా దీన్నే చెప్తాను. శబ్దం పడనివాళ్లు, మైగ్రేన్ ఉన్నవాళ్లు మాత్రం చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ తీసుకెళ్లండి.

అడాజియో హామర్‌క్లావియర్ గురించి జనం సగానికి సగం విడిపోయారు. 1973 నాటి పని, బీథోవెన్ హామర్‌క్లావియర్ పియానో సొనాటాలోని నిదానమైన భాగం, తెల్లటి బట్టల్లో మూడు జంటలు. పియానిస్టు ఎషెన్‌బాఖ్ వాయించిన చాలా నెమ్మదైన రికార్డింగ్ విని వాన్ మానెన్ దీన్ని చేశాడు, కాబట్టి అంతా ఆ నెమ్మదిలోనే. ఇన్ ద మిడిల్ తర్వాత ఇది వచ్చేసరికి కొందరికి నిద్ర వచ్చింది, దాచుకోకుండా చెప్పుకున్నారు. నాకు మాత్రం ఇద్దరు మనుషుల మధ్య దూరం ఇంత లెక్కగా, ఇంత నిజాయితీగా చూపించిన నృత్యం తక్కువగా దొరికింది. కచేరీలో విలంబకాల కృతిని ఓపికగా వినేవాళ్లు దీన్ని వదలొద్దు. రోజంతా ఆఫీసులో అలిసిపోయి నేరుగా హాలుకి వచ్చేవాళ్లకు మాత్రం కష్టమే.

చివరి రెండు, అసలు పోటీ

ఇక ఫ్లైట్ ప్యాటర్న్, రైట్ ఆఫ్ స్ప్రింగ్. మీ ఊళ్లో ఈ రెండింట్లో ఏది కనబడ్డా మిగతా రెండు ఏమిటో కూడా చూడకుండా టికెట్ తీసుకోండి.

ఫ్లైట్ ప్యాటర్న్ 2017 మార్చిలో వచ్చింది. రాయల్ బ్యాలే కోసం ఆ పెద్ద స్టేజి మీద ఒక మహిళ కొత్త పని చేయడం 18 ఏళ్లలో అదే మొదటిసారి, వినడానికే సిగ్గుచేటుగా ఉంటుంది. విషయం శరణార్థులు. 36 మంది, పొడుగు కోట్లు వేసుకుని, ఒకరి వెనక ఒకరు, ఎక్కడికో తెలియని వరుసలో. సంగీతం పోలిష్ స్వరకర్త గురెత్స్కీ మూడో సింఫనీ మొదటి భాగం, అందులో పాడేది పోలండ్‌కు చెందిన పదిహేనో శతాబ్దపు విలాపం, కొడుకు యేసు కోసం తల్లి మరియమ్మ పాడేది. ఆ సంగీతం కట్టిన తీరు తెలిస్తే నృత్యం ఇంకా బాగా పట్టుకుంటుంది. అడుగున డబుల్ బేస్‌లతో, అంటే బాగా కింది స్వరాలు పలికే పెద్ద తీగవాద్యాలతో మొదలవుతుంది, అదే రాగాన్ని ఒక వాద్యం తర్వాత ఇంకో వాద్యం కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, అలా పొర మీద పొర పేరుకుని నిండిపోతుంది, నడుమ ఒక్క ఆడగొంతు వస్తుంది, ఆ తర్వాత పొరలు ఒక్కొక్కటే విడిపోతూ మళ్లీ అడుక్కి చేరుతుంది. పైట్ మనుషుల్ని కూడా సరిగ్గా అలాగే కదిలించింది. ఒకరి వంగిన వీపు పక్కవాళ్లకు, అక్కణ్ణించి ఆ పక్కవాళ్లకు, చివరికి ముప్పై ఆరు మందికీ. డాన్సర్ క్రిస్టెన్ మెక్‌నాలీ చేతుల్లోకి ఒకరి తర్వాత ఒకరు కోట్లు పడేస్తూ పోతారు, ఆమె బరువుకు కుంగిపోతుంది. ఇంకో డాన్సర్ మార్సెలీనో సాంబే చివర్లో ఒంటరిగా కోపంతో చేసే నృత్యం, అందరూ వెళ్లిపోయాక, ఎవరూ వినని కోపం.

దీనికి 2018లో లండన్ రంగస్థలానికి ఇచ్చే ఒలీవియర్ అవార్డు వచ్చింది. జనం స్పందన మాత్రం చప్పట్లలో కంటే ఆ ముందు వచ్చిన నిశ్శబ్దంలో తెలిసింది, తెర పడ్డాక కొన్ని క్షణాల పాటు ఎవరికీ చేతులు లేవలేదు. ఒప్పుకోనివాళ్లు కూడా ఉన్నారు. "ఇంతటి కష్టాన్ని ఇంత అందంగా చూపించొచ్చా?" అని ఒక కుర్రాడు మెట్ల మీద తన స్నేహితులతో వాదిస్తున్నాడు. సరైన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, పైట్ ఎవరి ముఖాన్నీ ఏడిపించి చూపించలేదు, ఒక గుంపులో మనిషి ఎలా కనబడకుండా పోతాడో చూపించింది. వలస వెళ్లినవాళ్లు, ఇమిగ్రేషన్ క్యూలో నిలబడినవాళ్లు దాన్ని ఇంకోలా చూస్తారు. శరణార్థుల బాధ, వీసా మీద వచ్చిన మన బాధ ఒకటి కాదు, ఆ తేడా మర్చిపోకూడదు. కానీ ఆ వరుసలో నిలబడటం ఏమిటో మన ఒంటికి కొంచెం తెలుసు.

2022లో పైట్ దీనికి ఇంకో రెండు భాగాలు చేర్చి, సింఫనీ మొత్తానికీ లైట్ ఆఫ్ ప్యాసేజ్ అనే పూర్తి సాయంత్రం బ్యాలే చేసింది. ఫ్లైట్ ప్యాటర్న్ ఒక్కటే చూడాలా, మొత్తం చూడాలా అని అడిగితే, మొదటిసారికి ఒక్కటే చాలు అంటాను. చేర్చిన భాగాల్లో పిల్లలు, వయసు మళ్లినవాళ్లు ఉంటారు, అవీ మంచివే, కానీ మొదటి దాని దెబ్బ కొంత పలచబడుతుంది.

రైట్ ఆఫ్ స్ప్రింగ్‌ది వేరే దారి. స్ట్రావిన్స్కీ సంగీతంతో 1913లో పారిస్‌లో మొదటిసారి వేసినప్పుడు హాల్లో గొడవ జరిగిన సంగతి చాలామందికి తెలుసు. బౌష్ 1975లో జర్మనీలోని వుప్పర్టాల్‌లో దీన్ని చేసినప్పుడు స్టేజి నిండా మట్టి పరిచింది. ఇంటర్వెల్‌లోనే సిబ్బంది మట్టి తెచ్చి చదును చేస్తుంటారు, కాఫీకి వెళ్లకుండా అక్కడే కూర్చుని చూడండి, ఆ వాసన హాలంతా పాకుతుంది. పలచటి గౌన్లలో ఆడవాళ్లు, చొక్కా లేని మగవాళ్లు, ఒక ఎర్రటి గుడ్డ. ఆ గుడ్డ చివరికి ఎవరికి వస్తే ఆమె చనిపోయేదాకా నాట్యం చేయాలి. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అది మారుతుంటే ఆడవాళ్ల ముఖాల్లో భయం నటన అనిపించదు. చెమటకు మట్టి అంటుకుని చివరికి అందరూ ఒకే రంగులోకి వచ్చేస్తారు, వాళ్ల ఊపిరి ఆర్కెస్ట్రా మధ్యలోంచి కూడా వినపడుతుంది.

రెండింట్లో ఏది? గుండె బరువెక్కి ఇంటికి వెళ్లి ఎవరితోనూ మాట్లాడకుండా ఉండగలిగితే ఫ్లైట్ ప్యాటర్న్. ఒళ్లు జలదరించాలి, నాట్యం అంటే ఇంత దూరం వెళ్లగలదా అని తెలుసుకోవాలి అంటే రైట్ ఆఫ్ స్ప్రింగ్. మనుషుల మీద హింసను చూడటం ఇప్పుడు మీకు కష్టమైతే, ముఖ్యంగా ఆడవాళ్ల మీద, రైట్‌నీ మెడూసానీ రెండింటినీ వాయిదా వేసుకోండి, అందులో తప్పేమీ లేదు. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే రైట్ అంటాను. ఫ్లైట్ ప్యాటర్న్ రికార్డింగ్‌లో కూడా చాలావరకు నిలబడుతుంది. మట్టి వాసన, ఆ ఊపిరి మాత్రం స్క్రీన్ మీద రావు.

ఎక్కడ కూర్చోవాలి

డబ్బు ఎక్కువ పెడితే బాగా కనిపిస్తుందన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ఫ్లైట్ ప్యాటర్న్‌కి పైన ఆంఫిథియేటర్‌లోని చవక సీటే మేలు, ముప్పై ఆరు మంది వేసే ఆకారాలు పైనుంచే పూర్తిగా కనిపిస్తాయి, కింద స్టాల్స్‌లో ముందు వరుసల్లో కూర్చుంటే ముందున్న పది మంది వీపులే చూస్తారు. ఇన్ ద మిడిల్‌కి కొంచెం పైన, మధ్యలో. మెడూసాకి దగ్గరగా, ముఖాలు కనిపించాలి కాబట్టి. రైట్‌కి వీలైతే దగ్గర, ఎందుకో ఇప్పటికే చెప్పాను. రాయల్ ఒపేరా హౌస్ గుర్రపునాడా ఆకారంలో ఉంటుంది, పక్క సీట్లు తీసుకుంటే స్టేజిలో ఒక మూల పోతుంది, బుక్ చేసేటప్పుడు ఆ సీటు నుంచి అడ్డు ఉందో లేదో రాసి ఉంటుంది, చదవండి. సాడ్లర్స్ వెల్స్ దానికంటే చిన్నది, కాబట్టి అక్కడ ఇంత ఆలోచన అక్కర్లేదు.

సినిమా హాల్లోనో, ఇంట్లోనో చూసేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. కెమెరా ముఖాల దగ్గరికి వెళ్తుంది, కాబట్టి హాల్లో గజిబిజిగా అనిపించిన మెడూసా స్క్రీన్ మీద తేటగా అర్థమవుతుంది, ఓసిపోవా కళ్లు కనిపిస్తాయి. ఫ్లైట్ ప్యాటర్న్‌లో అదే కెమెరా ఒక్కోసారి గుంపుని ముక్కలు చేస్తుంది. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉండి రికార్డింగ్ తప్ప వేరే దారి లేనివాళ్లు 2019 బిల్‌తోనే మొదలుపెట్టండి, కానీ ఇచ్చిన వరుసలో చూడొద్దు. ముందు ఫ్లైట్ ప్యాటర్న్, లైట్లు ఆపి, ఫోన్ పక్కన పడేసి, మంచి హెడ్‌ఫోన్స్‌తో, ఎందుకంటే ఆ మొదటి డబుల్ బేస్‌లు లాప్‌టాప్ స్పీకర్లలో అసలు వినపడవు. ఇంకో రోజు మెడూసా, కథ చదువుకున్నాక. గోల్డెన్ అవర్ ఎప్పుడైనా, పిల్లలతో కలిసి.